బీచ్ రోడ్డుకి మళ్ళీ మెరుగులా, పెందుర్తి వైపు మురుగు పైపులా: ఏది మేలు?

విశాఖలో 28కె బస్సెక్కితే ఒకే టిక్కెట్టు మీద రెండు ఊళ్ళు చూడొచ్చు. ఎక్కేది ఆర్కే బీచ్ దగ్గర. నున్నటి ఫుట్‌పాత్, వరసగా లైట్లు, కురుసుర సబ్‌మెరైన్ ముందు ఫోటోలు దిగేవాళ్ళు. ట్రాఫిక్‌ని బట్టి గంటో, గంటన్నరో కూర్చుని శివారులో పెందుర్తికి కాస్త ముందు దిగితే మా వీధి. వీధి మొదట్లో కాలువ మీద అడ్డంగా వేసిన సిమెంటు పలక, అది ఒక మూల విరిగి ఊగుతుంటే దాని మీద నుంచి స్కూటీ దాటించే విద్య మా ఆడవాళ్ళందరికీ వచ్చు. రెండూ గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్, అంటే జీవీఎంసీ పరిధే. రెండు చోట్ల జనం కట్టే ఇంటి పన్నూ ఒకే ఖాతాలో పడుతుంది. అందుకే ఎవరైనా "ఈసారి బీచ్‌లో కొత్తగా ఏం పెడుతున్నారో తెలుసా" అని సంబరంగా చెప్తే నాకు సముద్రం కంటే ముందు లెక్క గుర్తొస్తుంది.

నేను బీచ్ మీద పగబట్టినవాణ్ణి కాదు. ఈ ఊళ్ళో పైసా ఇవ్వకుండా కుటుంబం మొత్తం మూడు గంటలు కూర్చోగలిగిన చోటు అదొక్కటే. ఆదివారం సాయంత్రం అక్కడ పులిహోర క్యారేజీ విప్పేవాళ్ళు బీచ్‌కి దగ్గర్లో ఉండే ఎంవీపీ కాలనీ వాళ్ళు కాదు, మా పెందుర్తి వాళ్ళు, కొత్తవలస వాళ్ళు, ఎస్.కోట నుంచి వచ్చినవాళ్ళు. మురీ మిక్చర్ బండి వాడి సంసారం కూడా ఆ జనం మీదే నడుస్తుంది. కాబట్టి "బీచ్ డబ్బున్నోళ్ళది, శివార్లు పేదోళ్ళవి" అనే మాట నేను ఒప్పుకోను.

కానీ బీచ్ ఖర్చు అని మనం ఒకే ముద్ద చేసి మాట్లాడేదాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి, తప్పనిసరి ఖర్చు. పోర్టుకి ఔటర్ హార్బర్ కట్టినప్పటి నుంచి సహజంగా ఉత్తరానికి కదలాల్సిన ఇసుక అక్కడే ఆగిపోతుంది, దాన్ని తవ్వి తెచ్చి మళ్ళీ తీరంలో పోస్తే గానీ ఆర్కే బీచ్ బీచ్‌లా ఉండదు. అది ఆపితే రోడ్డే కోసుకుపోతుంది, గోడలు కూలడం మనం చూశాం కూడా. దానికి ఎంతైనా పెట్టండి, నాకు పేచీ లేదు. రెండోది, ఉన్న ఫుట్‌పాత్ పీకి ఇంకో ఫుట్‌పాత్, బానే ఉన్న రెయిలింగ్ తీసి ఇంకో రెయిలింగ్, సెల్ఫీ పాయింట్ పక్కన మరో సెల్ఫీ పాయింట్. నా గొడవ దీనితోనే. 2024 ఫిబ్రవరిలో సముద్రంలోకి తేలే వంతెన వేశారు. అది విశాఖ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ వాళ్ళది, జీవీఎంసీది కాదు, ఒప్పుకుంటాను, కానీ జనం జేబు ఒకటే కదా. ప్రారంభించిన మర్నాడే దాని కొస విడిపోయి కొట్టుకుపోయింది. మన సముద్రం మెత్తనిది కాదని ఇక్కడ పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు.

రుషికొండ బీచ్ సంగతి ఇంకా బాగా చెప్తుంది. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, దేశంలో మొదట వచ్చిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి, ఎంత గర్వపడ్డామో. 2025 మొదట్లో నిర్వహణ బాలేదని ఆ జెండా దింపించారు, హడావుడిగా శుభ్రం చేశాక మళ్ళీ ఇచ్చారు. కట్టడానికి డబ్బు లేక పోయిన జెండా కాదది, ఊడ్చేవాళ్ళు లేక పోయింది. బీచ్‌కి కావలసింది కొత్త హంగు కాదు, రోజూ పొద్దున్నే చీపురు.

ఇక మా వైపు.

మా వీధిలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు. ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే. గోడల మీద మీరు చూసే ఉంటారు, పెద్ద పెద్ద నీలం అక్షరాలతో "సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్" అని రాసి కింద ఫోన్ నంబరు. మా పక్కింటి పిన్నిగారి ట్యాంకు వానాకాలంలో నిండిపోయింది. ఫోన్ చేస్తే లారీ వచ్చింది, వీధి సన్నం కాబట్టి రివర్సులోనే రావాలి, కుర్రాడు వెనక నడుస్తూ "రానీ రానీ రానీ" అని లారీ మీద చేత్తో కొడుతున్నాడు. లావుపాటి పైపు లాక్కుని మూడిళ్ళ ముందు నుంచి తీసుకెళ్ళారు, మోటారు ఆన్ చేశారు, వీధి మొత్తం తలుపులేసుకుంది. అరగంటలో పని అయిపోయింది. పిన్నిగారు డబ్బులిస్తూ "ఇదంతా ఎక్కడికి తీసుకెళ్తావు బాబూ" అని అడిగారు. వాడు నవ్వి "ఎక్కడికో అక్కడికి అమ్మా" అన్నాడు.

ఆ "ఎక్కడికో అక్కడికి" అన్న మాట నన్ను వదల్లేదు. మా వైపు కాలువలు పల్లం వెతుక్కుంటూ గెడ్డల్లో, అంటే వాగుల్లో కలుస్తాయి, ఆ గెడ్డలు మేఘాద్రి గెడ్డ జలాశయం వైపు పోతాయి. ఆ జలాశయం ఈ నగరానికి తాగునీళ్ళిచ్చే వాటిలో ఒకటి. తాటిపూడి, రైవాడ, ఏలేరు కాలువ అంటూ ఎక్కడెక్కడి నుంచో నీళ్ళు తెచ్చుకుంటున్నాం, గుమ్మం ముందున్న దాంట్లోకి మాత్రం మురుగు వదులుతున్నాం. కాబట్టి పెందుర్తికి పైపు వెయ్యడం అంటే పెందుర్తి వాళ్ళకి చేసే ఉపకారం అనుకోకండి. సిటీలో కూర్చుని కుళాయి తిప్పేవాళ్ళకి కూడా అది అక్కరే.

ఇదంతా ఇలా ఎందుకైందంటే దానికో చరిత్ర ఉంది. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ, చుట్టూ ఉన్న 32 పంచాయతీలనీ కలిపేసి గ్రేటర్ అన్నారు. ఊరు 111 చదరపు కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 540 అయింది. 2013లో అనకాపల్లి, భీమిలి కూడా వచ్చాయి. బోర్డు మారడానికి ఒక్క రోజు పట్టింది, పైపు రావడానికి ఇరవై ఏళ్ళు చాల్లేదు. పైగా 2012లో పాలకవర్గం గడువు తీరాక 2021 దాకా ఎన్నికలే లేవు. సరిగ్గా శివార్లు పెరిగిన కాలం అదే. తొమ్మిదేళ్ళు మా వార్డు తరఫున నిలబడి అడిగే మనిషే లేడు, స్పెషలాఫీసర్ల పాలన. 2016లో స్మార్ట్ సిటీ మొదటి 20 ఊళ్ళ జాబితాలో మన పేరొచ్చినప్పుడు కూడా స్థానికంగా అభివృద్ధి చేసే భాగం కింద ఎంచుకున్నది ఆర్కే బీచ్ చుట్టుపక్కల ప్రాంతాన్నే. అప్పుడు కౌన్సిల్ ఉండి ఉంటే ఏమయ్యేదో, అది వేరే సంగతి.

అయితే తప్పంతా పైవాళ్ళ మీద తోసెయ్యడం నాకిష్టం లేదు. ఎన్నికల ముందు మా వీధికి ఓట్లడగడానికి వచ్చినప్పుడు మేం అడిగింది ఏమిటో తెలుసా? సీసీ రోడ్డు, వీధి లైట్లు, గుడి దగ్గర ఒక షెడ్డు. డ్రైనేజీ అని ఒక్క నోరు లేవలేదు, నాదీ లేవలేదు. సీసీ రోడ్డు వచ్చింది. ఇప్పుడు పైపు వెయ్యాలంటే ఆ రోడ్డే పగలగొట్టాలి. బీచ్‌లో రెయిలింగ్ మార్చేవాళ్ళకీ మాకూ పెద్ద తేడా లేదు, కనిపించేదే అడిగాం.

"టూరిజం వస్తేనే కదా ఆదాయం, ఆ డబ్బుతో మీ పైపులు వేస్తారు" అని మా ఆఫీసులో ఒకాయన వాదన. పూర్తిగా కొట్టెయ్యలేను. హోటళ్ళు నిండితే పన్నులొస్తాయి, నిజమే. కానీ జీవీఎంసీ సొంత రాబడిలో పెద్ద వాటా ఆస్తి పన్నుదే, అది పెరిగేది కొత్త ఇళ్ళు పుట్టే చోట, అంటే మా శివార్లలో. 2021లో అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద పన్ను వేసే పద్ధతి వచ్చింది, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్నారు. 15 శాతం చొప్పున పెరుగుతూ పోతే అయిదేళ్ళకి రెట్టింపు అవుతుందని క్యాలిక్యులేటర్ నొక్కి చూసుకోండి. ఏప్రిల్‌లో ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు కదా అని నేనూ పరిగెత్తుకెళ్ళి కట్టేస్తాను. ఆ రసీదు చేతిలో పట్టుకుని బయటికొచ్చి సెప్టిక్ లారీకి విడిగా డబ్బు కట్టాలి, మంచినీళ్ళు రాని రోజు క్యాన్‌కి విడిగా. ఎంవీపీలో ఉండే మా చెల్లెలికి ఈ రెండోది, మూడోది లేవు.

సరే, పైపులు మేలు అన్నాం. కానీ పైపులైనా ఎలా వేస్తారన్నది చూడాలి, ఎందుకంటే సగం వేసిన పైపు కంటే రెయిలింగే నయం, కనీసం ఆనుకుని నిలబడొచ్చు. మన బీఆర్‌టీఎస్, అంటే బస్సులకి విడిగా వేసిన రోడ్డు చూడండి. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పథకం డబ్బుతో పెందుర్తి వైపు ఒక దారి, సింహాచలం వైపు ఒక దారి. మా రోడ్డు వెడల్పయింది, దానికి రోజూ దండం పెట్టుకుంటాను. మధ్యలో బస్సుల కోసమని వేసిన దారిలో మాత్రం కార్లు, బైకులు, అప్పుడప్పుడూ ఆవులు. సింహాచలం దారిలో అడివివరం దగ్గర భూమి తేలక ఏళ్ళ తరబడి ముక్క మిగిలిపోయింది. అన్ని చోట్లా కొంచెం కొంచెం చేస్తే ఎక్కడా పూర్తవదు. డ్రైనేజీ ఇంకా ఘోరం: వీధిలో పైపు, పంపింగ్ స్టేషన్, శుద్ధి కేంద్రం, ఇంటి నుంచి కనెక్షన్, ఈ నాలుగింట్లో ఒక్కటి లేకపోయినా మిగతా మూడూ భూమిలో పాతిపెట్టిన డబ్బే. ఇంటి కనెక్షన్‌కి గచ్చు పగలగొట్టాలంటే మా వీధిలో సగం మంది వద్దంటారు, పందెం వేస్తాను. అందుకని ఆ కనెక్షన్ ఖర్చు కూడా ప్రాజెక్టులోనే కలిపెయ్యాలి, ఒక జోన్ పూర్తయ్యాకే ఇంకో జోన్ ముట్టుకోవాలి. మా జోన్ ఆఖర్న వచ్చినా సరే.

2018లో జీవీఎంసీ 80 కోట్ల బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. అంటే అప్పు పుట్టని ఊరు కాదు మనది. ముప్పై ఏళ్ళు ఉండే పైపుకి అప్పు చెయ్యడం సబబు, ఇంటికి అప్పు చేసినట్టే. మూడేళ్ళకి తుప్పు పట్టే ఉప్పుగాలిలో పెట్టే అలంకారానికి అప్పెందుకు?

మెట్రో మాట కూడా ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి ఒక ముక్క. మొదటి దశ ప్లాన్‌లో ప్రధాన లైను స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా. పెందుర్తి అందులో లేదు. మాకు ఆ బస్సు దారిలో బస్సుల్ని తిప్పితే చాలు.

ఇప్పుడు అసలు ఈ గోలంతా ఎందుకు మొదలైందో చెప్తాను. మా బావమరిది స్థలం కొనాలని తిరుగుతున్నాడు. మధురవాడలో అపార్ట్‌మెంట్ ఫ్లాటా, ఆనందపురం దాటాక లేఅవుట్‌లో ప్లాటా అని టెన్షన్. భోగాపురం ఎయిర్‌పోర్టు అటే కాబట్టి ప్లాటు రేటు పెరుగుతుందని వాడి లెక్క. వాడి జేబు సంగతి వాడిష్టం. ఊరి వైపు నుంచి చూస్తే మాత్రం నాకు మధురవాడ అపార్ట్‌మెంటే మేలనిపిస్తుంది, నేను అపార్ట్‌మెంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేనివాణ్ణయినా సరే. వంద కుటుంబాలు ఒక గేటు లోపల ఉంటే ఒక పైపు, ఒక చెత్త బండి, ఒక బస్టాపు సరిపోతాయి. అదే వంద కుటుంబాలు వంద ప్లాట్లలో పరుచుకుంటే కిలోమీటర్ల పైపు, మధ్యలో సగం ప్లాట్లు కట్టకుండా వదిలేసి తుమ్మ చెట్లు. రేపు అదీ ఊళ్ళో కలిపేశాక ఆ పైపు ఖర్చు ఎవరు పెడతారు? మళ్ళీ జీవీఎంసీయే, అంటే మనమే. మధురవాడలో నీళ్ళ ట్యాంకర్ల బాధ ఉంది, వేసవిలో వాళ్ళ గ్రూపులు చూస్తే తెలుస్తుంది, నేను దాచను. కానీ ఒక గేటుకి నీళ్ళివ్వడం వంద గుమ్మాలకి ఇవ్వడం కంటే తేలిక.

లేఅవుట్ వాళ్ళు బ్రోచర్‌లో వేసే బొమ్మలో కొబ్బరి చెట్లు, నల్లటి తారు రోడ్డు, ఆర్చి. మొన్న బావమరిదితో వెళ్ళినప్పుడు ఆ ఆర్చి చూశాం, నిజంగానే బావుంది. కాలువ ఎటు పోతుందని అడిగాను. ఏజెంటు చెయ్యి చాచి అటు అని చూపించాడు. అటు పొలం ఉంది. ఆ పొలం కూడా వచ్చే ఏడాది లేఅవుటేనట, తనే అమ్ముతున్నాడట. మరి అప్పుడు నీళ్ళెటు పోతాయన్నాను. "ఇక్కడ నీళ్ళు నిలవవు సార్" అన్నాడు. మేం వెళ్ళింది మండుటెండలో.

అందుకని వాడికి ఒకటే చెప్పాను, అడ్వాన్స్ ఇచ్చే ముందు గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్న ఇంకోసారి వెళ్దాం, నేను బూట్లు వేసుకొస్తాను అని. సరేనన్నాడు. ఇద్దరం ఇప్పుడు వాతావరణ వార్తలు చూస్తున్నాం, అల్పపీడనం కోసం ఎదురుచూసే వైజాగ్ వాళ్ళు మేమిద్దరమే అయ్యుంటాం.