డ్రెస్డెన్ సైనిక చరిత్ర మ్యూజియం: లిఫ్టెక్కి పైనుంచి మొదలుపెట్టండి

జర్మన్ సైన్యమే నడిపే మ్యూజియం కదా, ట్యాంకులు బారులు తీరి ఉంటాయనుకుని వెళ్తే నిరాశ తప్పదు. ట్యాంకులే కావాలంటే ఉత్తరాన మున్‌స్టర్‌లో వేరే మ్యూజియం ఉంది. మ్యూన్‌స్టర్ అనే పెద్ద నగరానికి రైలు టికెట్టు తీసేరు, జాగ్రత్త!

1870లలో కట్టిన ఆయుధాగారం ఇది. దాని ముఖాన గొడ్డలి దిగినట్టుండే ఉక్కు, కాంక్రీటు భాగం ఆర్కిటెక్ట్ డానియల్ లిబెస్కిండ్ డిజైన్, 2011లో తెరిచారు. చాలామంది చేసే పొరపాటు, గేటు దాటగానే పాత భవనంలోని కాలక్రమ విభాగంలోకి దూరిపోవడం. 1300 నుంచి మొదలయ్యే ఆ అద్దాల బీరువాలు చూసేసరికే ఓపిక అయిపోతుంది. అలా కాకుండా లిఫ్టులో నేరుగా నాలుగో అంతస్తుకి వెళ్లి, మెట్ల మీదుగా కిందికి దిగుతూ చూడండి.

అక్కడ నేలకు పరిచిన రాళ్లు మూడు ఊళ్లవి: పోలండ్‌లోని వియెలున్, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్, డ్రెస్డెన్. మొదటి రెండింటి మీదా బాంబులు వేసింది జర్మనీయే, 1939లో, 1940లో. 1945 ఫిబ్రవరిలో బ్రిటన్, అమెరికా విమానాలు చేసిన బాంబుదాడిలో డ్రెస్డెన్‌లో పోయిన ప్రాణాలను లక్షల్లో చెప్పుకునేవారు ఇంకా ఉన్నారు. నగరం నియమించిన చరిత్రకారులు 2010లో తేల్చిన లెక్క గరిష్ఠంగా 25,000. ఆ రాళ్లు దాటాకే డ్రెస్డెన్ నగరం కళ్లబడుతుంది. ఈ వరస కావాలని పెట్టిందే.

కిందికి దిగుతుంటే, జర్మనీ లండన్ మీదికి వదిలిన రకం 14 మీటర్ల వీ-2 రాకెట్ నిలువునా కనిపిస్తుంది. మిట్టెల్‌బావ్-డోరా అనే నాజీ నిర్బంధ శిబిరం ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించి తయారుచేసినది. అదే మ్యూజియంలో లండన్ పాప ఆడుకున్న బొమ్మరిల్లూ ఉంది. కిటికీలకు, వెలుతురు శత్రు విమానాలకు కనబడకుండా కట్టే యుద్ధకాలపు నల్ల తెరలు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే టికెట్టు దండగే. యుద్ధంలో వాడిన జంతువుల ఊరేగింపు దగ్గర, ఏనుగు ముందు, పిల్లలు కదలరు.

లోపమల్లా దారి. గోడలు ఏటవాలు, పాత భవనం, కొత్త భాగం ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. ప్లాను కాగితం చేతిలో ఉంచుకోండి. వివరాలు జర్మన్, ఇంగ్లిషుల్లో ఉంటాయి. నాలుగు గంటలు పెట్టుకోండి. బుధవారం సెలవు. ట్రామ్ స్టాప్ స్టౌఫెన్‌బర్గ్‌ఆలే; 1944లో హిట్లర్ గదిలో బాంబు పెట్టిన అధికారి పేరే అది.

బయటికొచ్చేముందు 1850 నాటి బ్రాండ్‌టౌఖర్ జలాంతర్గామిని చూడండి. పరీక్షలో మునిగిపోతే, లోపలి ముగ్గురూ నీళ్లు నిండి ఒత్తిడి సమమయ్యేదాకా ఆగి, మూత తెరుచుకుని బయటపడ్డారు.