ర్యాంకు కొనబోయి భిన్నాలు నేర్చుకున్నాం: మారతహళ్లిలో ఒక ట్యూషన్ కేంద్రం

బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్ల కర్రీ పాయింట్లు వరుసగా ఉండే ఒక వీధిలోని ట్యూషన్ కేంద్రంలో, ఆరవ తరగతి చదువుతున్న మా అమ్మాయి చేత 1,800 రూపాయలు కట్టి ‘జాతీయ సాధన పరీక్ష’ రాయించాం. కేంద్ర ప్రభుత్వ సర్వే పద్ధతిలో మీ పిల్లల జాతీయ ర్యాంకు తెలుపుతామని వారి కరపత్రంలో ఉంది.

నా మొదటి అభ్యంతరం ఆ మాట మీదే. బడి పిల్లలు ఎంత నేర్చుకున్నారో కొలిచే జాతీయ సాధన సర్వే 2021 వరకు 3, 5, 8, 10 తరగతులకు జరిగేది; దాని స్థానంలో వచ్చిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్‌ను 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు, దాదాపు 74 వేల బడుల్లో, 21 లక్షల మందికి పైగా విద్యార్థులతో నిర్వహించారు. అందులో ఏ పిల్లవాడి మార్కులూ ఇంటికి రావు. ఫలితాలు జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి చెందినవి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తాం గానీ ఆ మెతుకుకు ర్యాంకు ఇవ్వం కదా! గట్టిగా అడిగితే, తాము ఇచ్చేది తమ బ్రాంచీల్లో పరీక్ష రాసినవారి మధ్య ర్యాంకేనని కౌంటరు దగ్గర ఒప్పుకున్నారు.

పరీక్ష హాలు శుభ్రంగానే ఉంది. నివేదిక చెప్పిన తేదీకి తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది. నున్నటి కాగితం మీద పన్నెండు పేజీలు, రంగురంగుల గ్రాఫులు ఉన్నాయి గానీ, అమ్మాయి ఏ ప్రశ్న తప్పు చేసిందో ఎక్కడా లేదు. ప్రశ్నపత్రం చూపించమంటే కుదరదన్నారు.

ఈ మాటలన్నీ వింటున్న గణితం టీచరుగారు, మాట తీరును బట్టి అనంతపురం వైపు వారనుకుంటాను, అమ్మాయిని పక్కకు పిలిచి మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగారు. మా అమ్మాయి తడుముకోకుండా నాలుగో వంతే అంది. ఆవిడ నివేదిక చివర ఉన్న వచ్చే కోర్సు ప్రకటన పేజీని చింపి (అంతకంటే మంచి ఉపయోగం దానికి లేదు) నాలుగు మడతలు పెట్టి, “పావు అంటే ఇదేనమ్మా, మీ అమ్మ పావుకిలో అల్లం తెమ్మంటుందే, అదే” అన్నారు. క్వార్టర్ అనే మాటా, ఒకటి కింద నాలుగూ తెలిసిన పిల్లకు, ఆ రెండూ ఒకటేనని ఆ రోజు దాకా తెలియదు. మరుసటి ఆదివారం కొట్లో ముప్పావు కిలో టమాటాల ధర తనే లెక్కగట్టింది. చదువు వల్ల ప్రయోజనమేమిటని అడిగితే నేను ముందు చూపించేది దీన్నే.

సగం, పావు వంటి రోజువారీ భిన్నాలను సూచించి పోల్చగలిగినవారు ఆరవ తరగతిలో 29 శాతమేనని ఆ జాతీయ సర్వేలోనే తేలింది. ఎక్కడ తడబడుతున్నారో ఇలా అంశాలవారీగా చెప్పడమే దాని విలువ. ఈ కేంద్రం సర్వే పేరు మాత్రం తీసుకుని, ఆ విలువను వదిలేసింది.

పరీక్షకు ఐదుకు ఒకటి, టీచరుగారికి ఐదుకు ఐదు ఇస్తాను. రుసుము వాపసు అడిగితే ఇవ్వలేదు, బదులుగా రెండు తరగతులు ఉచితంగా చెబుతామన్నారు. ఆవిడ దగ్గరైతేనే పంపుతామని చెప్పి ఒప్పుకున్నాం.