రేపియర్ కత్తులు చూడాలంటే టొలెడోనా, లండనా?

రేపియర్ అంటే సన్నగా పొడవుగా ఉండే పాతకాలపు యూరప్ కత్తి, ఆ పేరు ఎత్తగానే అందరూ కత్తులకి పేరున్న స్పెయిన్ ఊరు టొలెడో వెళ్ళమంటారు, మేమూ ముందు అక్కడికే వెళ్ళాం. మాడ్రిడ్ అటోచా స్టేషన్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో అరగంటే, కాకపోతే వీకెండ్ అయితే టికెట్ ముందే బుక్ చేసుకోండి. ఊరు మాత్రం సూపర్. కొండ మీద ఊరు, మూడు వైపులా టాగస్ నది. కానీ కత్తుల సంగతికొస్తే, పాత ఊరంతా కత్తుల షాపులే గానీ వాటిల్లో ఎక్కువ భాగం సినిమా కత్తులు, సమురాయ్ కత్తులు, రేపియర్ అని చూపించేది గోడకి తగిలించుకునే సరుకు. చేత్తో చేసేవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు, అలాంటి చోట రేటు గట్టిగానే ఉంటుంది. మూడో కార్లోస్ రాజు 1761లో పెట్టించిన ఆయుధాల ఫ్యాక్టరీ ఇప్పుడు యూనివర్సిటీ క్యాంపస్. అయినా అది పెట్టేనాటికే రేపియర్ల కాలం అయిపోయింది లెండి.

ఆల్కజార్ కోటలో ఆర్మీ మ్యూజియం ఉంది, 2010లో మాడ్రిడ్ నుంచి ఇక్కడికి మార్చారు. పెద్దదే, కానీ యూనిఫామ్‌లు, తుపాకులు, జెండాల మధ్య కత్తులు వెతుక్కోవాలి. హోటల్ పాత ఊరి లోపలే తీసుకున్నాం, రాళ్ళ వీధుల్లో సూట్‌కేస్ లాగడం నరకం, అయినా సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక ఊరు మనదే కాబట్టి ఒక రాత్రి ఉండండి. వెజ్ వాళ్ళకి తిండి కష్టమే, బాదంతో చేసే మార్జిపాన్ మాత్రం వదలొద్దు.

మాడ్రిడ్ రాజభవనంలోని ఆయుధశాల కూడా చూశాం. ఐదో చార్లెస్ చక్రవర్తి కవచాలు అదిరిపోతాయి, కానీ అక్కడ హీరో కవచమే, రేపియర్ కాదు.

అసలు మజా లండన్‌లో. మాంచెస్టర్ స్క్వేర్‌లో వాలెస్ కలెక్షన్ అనే మ్యూజియం, బాండ్ స్ట్రీట్ ట్యూబ్ నుంచి నడిచిపోవచ్చు, ఎంట్రీ ఫ్రీ. రేపియర్ పిడి చుట్టూ ఆ రింగులు, వంపు కడ్డీలు ఎందుకో ఇక్కడ అద్దం దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఇది యుద్ధానికి కాదు, మామూలు బట్టల్లో బజారుకెళ్ళేటప్పుడు నడుముకి కట్టుకునే కత్తి, చేతికి ఇనుప గ్లవ్ ఉండదు, పైగా పట్టు కోసం చూపుడువేలు పిడికీ బ్లేడుకీ మధ్య ఉండే అడ్డకడ్డీ మీదుగా ముందుకి వేస్తారు, మరి ఆ వేలు తెగకుండా ఉండాలంటే చుట్టూ కడ్డీలు కావాలి కదా. తర్వాత 1600ల్లో స్పెయిన్, నేపుల్స్ వాళ్ళు కడ్డీల బదులు చిన్న స్టీల్ గిన్నెలాంటిది పెట్టారు, కొన్నిటికి దాని అంచు బయటికి మడిచి ఉంటుంది, ఎదుటివాడి కత్తి మొన జారి చేతి మీదకి రాకుండా.

రేపియర్ గాలిలా తేలిగ్గా ఉంటుందని టొలెడోలో ఒక గైడ్ చెప్పాడు, అది తప్పు. చాలావాటి బరువు కిలో పైమాటే, బ్లేడే మీటరు పొడవు ఉంటుంది, బరువంతా పిడి వైపు ఉండటంతో మొన చురుగ్గా తిరుగుతుంది. పొడవు పిచ్చి ఎంత ముదిరిందంటే ఇంగ్లండ్‌లో మొదటి ఎలిజబెత్ రాణి 1560ల్లో బ్లేడు గజం నాలుగున్నర అంగుళాలు దాటకూడదని ఆర్డర్ వేసింది.

ఇంకో తమాషా, టొలెడో కమ్మరుల పేర్లు చెక్కిన బ్లేడ్లలో చాలా భాగం జర్మనీలోని సోలింగెన్‌లో తయారయినవి. బ్రాండ్ కాపీ కొట్టడం అప్పటి నుంచే ఉందన్నమాట! అలాంటి యూరప్ బ్లేడ్లు పోర్చుగీసు ఓడల్లో మన దక్కన్‌కి కూడా వచ్చాయి, వాటికి మనవాళ్ళు మన పిడులు తొడిగి వాడారు.

లండన్ స్టే మాత్రం పెద్ద దెబ్బ, ప్యాడింగ్టన్ దగ్గర హోటల్లో మంచం పక్కన పెట్టె తెరవడానికి చోటు లేదు, లిఫ్ట్ పని చేయలేదు, అడిగితే రేపు అన్నారు, ఆ రేపు రాలేదు. ఈస్ట్ హామ్‌లో దోసె తిని కోపం తగ్గించుకున్నాం.

టైముంటే లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియం కూడా చూడండి, అదీ ఫ్రీనే, పిల్లలకి ఇదే ఎక్కువ నచ్చుతుంది. లండన్ నుంచి ట్రైన్ ఆఖరి నిమిషంలో కొంటే ఖరీదు, ముందే తీసుకోండి. ఒక్కచోటికే వెళ్ళగలం అంటే మాత్రం రేపియర్ కోసం వాలెస్, ఊరి కోసం టొలెడో.