లియేజ్, బ్రస్సెల్స్, క్నొకె: ఇజాయీ కోసం ఐదు రోజులు

విజయనగరం సంగీత కళాశాలలో నేను వయొలిన్ నేర్చుకున్నది నేల మీద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించి. బెల్జియం వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త యూజీన్ ఇజాయీ పేరు అప్పుడు వినలేదు. పెళ్లయి జర్మనీలో ఆఖెన్‌కి వచ్చాక మా అమ్మాయిని ఇక్కడి వయొలిన్ క్లాసులో చేర్పించాం. ఒకరోజు తీసుకురావడానికి వెళ్తే వాళ్ల టీచర్ ఒక్కతే ఏదో వాయించుకుంటోంది, పియానో లేదు, పక్కన ఎవరూ లేరు, అయినా ముగ్గురు కలిసి వాయిస్తున్నట్టుంది, నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఒక్క వయొలిన్ కోసమే ఇజాయీ రాసిన మూడో సొనాటా అని చెప్పింది, సొనాటా అంటే వాద్యం మీద వాయించడానికి రాసిన సంగీత రచన. ఆయన పుట్టిన లియేజ్ ఆఖెన్ నుంచి రైల్లో గంట కూడా కాదని ఆ రాత్రే తెలిసింది. మొన్న జులైలో ముగ్గురం బయల్దేరాం.

ముందు ఒక జాగ్రత్త. లియేజ్‌ని ఫ్లెమిష్‌లో లుయిక్ అంటారు, జర్మన్‌లో ల్యూటిష్. బెల్జియంలో రైలు ఏ ప్రాంతంలో ఉంటే ఆ భాషలోనే బోర్డులు కనిపిస్తాయి కాబట్టి మూడు పేర్లూ గుర్తుపెట్టుకోండి. అక్కడి లోకల్ రైళ్లకి రిజర్వేషన్ గోల లేదు, ఆ రోజు టికెట్ ఉంటే ఏ రైలైనా ఎక్కొచ్చు.

లియేజ్‌లో దిగేది గిల్మాఁ స్టేషన్లో. కలట్రావా అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఈ స్టేషన్ 2009లో మొదలైంది, గోడలు లేకుండా పైనంతా ఉక్కు, అద్దం. ఊరి నడిబొడ్డు అక్కణ్ణుంచి కాస్త దూరం, కానీ 2025లో ట్రామ్ వచ్చాక ఆ ఇబ్బంది పోయింది. మేం స్టేషన్ దగ్గరే చిన్న హోటల్లో రెండు రాత్రులున్నాం. గది చిన్నదే, కానీ శుభ్రంగా ఉంది. పొద్దున టిఫిన్‌లో మాంసం లేనివి ఏవో అడక్కముందే చూపించారు. ఈ యాత్ర మొత్తంలో డబ్బుకి తగ్గ బస ఇదొక్కటే.

ఇజాయీ ఇక్కడ 1858 జులై 16న పుట్టాడు. నాన్న దగ్గరే వయొలిన్ పట్టాడు, ఇక్కడి కన్సర్వేటరీలోనే, అంటే సంగీత కళాశాలలోనే చదివాడు. ఒపేరా హౌస్ ముందు గ్రెత్రీ విగ్రహం ఉంటుంది, ఆ స్వరకర్త గుండెని ఆ విగ్రహంలోనే భద్రపరిచారు. ఇంకో స్వరకర్త సెజార్ ఫ్రాంక్ కూడా ఈ ఊరివాడే. 1886లో ఇజాయీ పెళ్లికి ఆయన కానుకగా ఇచ్చింది ఒక వయొలిన్ సొనాటా. అదే ఏడాది డిసెంబర్‌లో బ్రస్సెల్స్‌లోని ఒక చిత్రశాలలో దాన్ని మొదటిసారి జనం ముందు వాయిస్తుంటే చీకటి పడింది, బొమ్మల వల్ల లోపల దీపాలు వెలిగించనివ్వలేదు, మిగతాదంతా ఇజాయీ, పియానో వాయించే ఆవిడా చూడకుండానే వాయించేశారు.

లియేజ్‌లో మా మనసులో నిలిచింది మాత్రం ఒపేరా హౌస్ కాదు, ఊరి బయట ఉన్న బ్లెన్యీ బొగ్గుగని. 1980లో మూతపడిన ఈ గనిని ఇప్పుడు చూడనిస్తున్నారు, 2012 నుంచి యునెస్కో జాబితాలో కూడా ఉంది. హెల్మెట్, జాకెట్ వాళ్లే ఇస్తారు. బోను లాంటి లిఫ్ట్‌లో 30 మీటర్ల కిందకి దింపి, అక్కణ్ణుంచి 60 మీటర్ల లోతు దాకా నడిపిస్తారు. గైడ్ ఒక యంత్రాన్ని ఆన్ చేయగానే చెవులు పగిలిపోయేంత చప్పుడు, మా అమ్మాయి నా జాకెట్ పట్టుకుని వదల్లేదు. కూలీలు పడుకుని బొగ్గు తవ్విన సందు చూపించారు, దాని ఎత్తు నా వయొలిన్ పెట్టె నిలబెట్టినంత కూడా లేదు. అడుగులు తడిగా ఉంటాయి, చలి కూడా ఉంది, మంచి బూట్లు వేసుకుని వెళ్లండి. ఇంగ్లీష్ టూర్ ఏ పూట ఉందో ముందే కనుక్కోండి.

గనికి వెళ్లడానికి కారణం ఉంది. ఇజాయీ పూర్తిచేసిన ఒకే ఒక్క ఒపేరా ‘పియేర్ లి హుయూ’, అంటే గని కార్మికుడు పియేర్. కుర్రతనంలో ఇక్కడి గని సమ్మెలో తెలిసిన ఒక విషాదం ఆయన్ని జీవితమంతా వదల్లేదు, డెబ్భై దాటాక దాన్ని పట్టుకుని కథా మాటలూ తానే రాశాడు. అదీ ఫ్రెంచ్‌లో కాదు, వాలూన్‌లో, ఈ ఊరి మామూలు జనం ఇంట్లో మాట్లాడుకునే భాషలో. అప్పటికే మధుమేహం వల్ల ఒక పాదం తీసేశారు. 1931 మార్చి 4న లియేజ్‌లో మొదటి ప్రదర్శన జరుగుతుంటే ఆయన బ్రస్సెల్స్‌లో మంచం మీద రేడియోలో విన్నాడు. మే 12న పోయాడు. ప్రపంచమంతా తిరిగి, అమెరికాలో సిన్సినాటి ఆర్కెస్ట్రాని నాలుగేళ్లు నడిపినవాడు చివరికి రాసింది ఇంటి భాషలో, బొగ్గు మనుషుల గురించి. ఆ సందులో వంగి నిలబడ్డప్పుడే నాకిది నిజంగా ఎక్కింది.

బ్రస్సెల్స్‌లో బస మాత్రం దెబ్బకొట్టింది. లిఫ్ట్ ఉందని చూసి అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. లిఫ్ట్ లేదు, నాలుగో అంతస్తు, తాళం పెట్టె కోడ్ పనిచేయలేదు, ఇంటాయన ఫోన్ ఎత్తడానికి నలభై నిమిషాలు పట్టింది. సూట్‌కేసులతో వానలో ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడ రిసెప్షన్ ఉన్న హోటలే చూసుకోండి.

ఆ చిరాకంతా వాద్యాల మ్యూజియంలో పోయింది. 1899 నాటి ‘ఓల్డ్ ఇంగ్లాండ్’ దుకాణం భవనంలో ఉంటుంది, నల్లటి ఇనుప తీగల పనితనం చూడ్డానికే వెళ్లొచ్చు. వాద్యం ముందు నిలబడితే హెడ్‌ఫోన్లలో దాని నాదం వినిపిస్తుంది. ఈ మ్యూజియం మొదలవడానికి సాయపడింది మన వాద్యాలే అని తెలిసి పొంగిపోయాను: 1876లో కలకత్తా నుంచి సౌరీంద్రమోహన్ టాగోర్ రెండో లియోపోల్డ్ రాజుకి దాదాపు వంద వాద్యాలు కానుకగా పంపాడు. పూర్తి పూట కేటాయించండి. రెండు గంటల్లో ముగించుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

ఇజాయీ సమాధి ఇక్సెల్ శ్మశానంలో ఉంది, 71వ నంబర్ బస్సు అటే వెళ్తుంది. టికెట్ లేదు, రద్దీ లేదు. అక్కడ నిలబడితే నాకు గుర్తొచ్చింది వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు బ్రస్సెల్స్ వచ్చి ఇజాయీకి కష్టమైన కచేరీ ముక్క వాయించి వినిపించాడు, ఆ వెంటనే ఆయన మామూలు ఆర్పెజియో, అంటే కొన్ని స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వాయించే సాధన పాఠం, అడిగితే తడబడ్డాడు. ఆ మెనూహినే పెద్దయ్యాక మద్రాసులో ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ విన్నాడు. నాయుడు గారు ఒకప్పుడు మా కాలేజీ ప్రిన్సిపాల్. దండం పెట్టుకుని వచ్చాను.

చివరి రాత్రి సముద్రం ఒడ్డున క్నొకెలో. రైలు బ్రూజ్‌లో రెండుగా విడిపోతుంది, సగం బ్లాంకెన్‌బెర్గెకి పోతుంది, ఎక్కేటప్పుడే ఏ రైలుపెట్టో చూసుకోండి. మేం సామాన్లతో ప్లాట్‌ఫాం మీద పరిగెత్తాం. క్నొకె డబ్బున్నవాళ్ల ఊరు, కాఫీ దగ్గర్నుంచీ అన్నీ ఖరీదే. శాకాహారులకి ఇంకోమాట, బెల్జియంలో బంగాళదుంప ఫ్రైస్‌ని చాలాచోట్ల ఆవు కొవ్వులో వేయిస్తారు, అడగందే తినకండి. మేం దిగిన బస నడిపే ఆవిడ ఆ మాట తనే చెప్పి, నూనెలో వేయించే దుకాణం చూపించింది.

1923 జులైలో ఇక్కడి జూట్ అనే పేట వైపున్న తన ఇంట్లోనే ఇజాయీ ఆరు సొనాటాలు రాశాడు. సిగెటి అనే వయొలిన్ విద్వాంసుడు వాయించిన బాఖ్ సంగీతం విని కదిలిపోయి మొదలుపెట్టాడట. ఒక్కోటి ఒక్కో వయొలిన్ విద్వాంసుడికి అంకితం, సిగెటి, తిబో, ఎనెస్కు, క్రైస్లర్, క్రిక్‌బూమ్, కిరోగా, ఒక్కొక్కరి వాయింపు తీరు అందులో వినపడేట్టు. అయిదో దాని మొదటి భాగం పేరు ‘ఉషస్సు’. అది వింటూ సూర్యోదయం చూడాలని అయిదున్నరకే ఒడ్డుకి చేరాం. ఎడమ చేతి వేలితో తీగ మీటే చప్పుళ్లు, మంద్రంగా, అక్కడక్కడ, ఇంకా ఎవరూ లేవని ఊళ్లోలాగా. వైజాగ్‌లో లాగా నీళ్లలోంచి పైకొస్తాడని నేను ఎదురుగా సముద్రం వైపే చూస్తున్నా. మా అమ్మాయి చెయ్యి లాగి, “అమ్మా, అటు కాదు, ఇటొస్తున్నాడు చూడు,” అంది. కుడి పక్కన, హాలండ్ వైపు ఇసుక దిబ్బల మీద అప్పటికే ఎర్రగా ఉంది. తీగలు ఒక్కసారిగా అన్నీ కలిసి మోగే చోటు అప్పుడే వచ్చింది. హెడ్‌ఫోన్లో ఒకటి తీసి దాని చెవిలో పెట్టాను.