ఏడేళ్ళుగా హెక్-రాస్ వాడాక: గండి ముంపు పటాల గురించి

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. తెల్లారుతుండగా విజయవాడ పాయకాపురం నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, వీధిలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి. ఎంతదాకా వస్తాయిరా?"

వరద నీరు ఎటు పోతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ హెక్-రాస్‌ను అప్పటికి నేను వాడబట్టి అయిదేళ్ళు. మోడల్‌లో కృష్ణ కరకట్ట మీద రకరకాల చోట్ల గండ్లు పెట్టి ఎన్నో రన్‌లు చేశాను. బుడమేరు వాగు నీటిని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలువ కట్ట మీద ఒక్కటి కూడా చేయలేదు. రోజూ అదే పని చేసేవాడినై ఉండి, అక్క అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను. "మందులు, కాగితాలు తీసుకుని పైకెక్కండి" అని మాత్రం అన్నాను. ఈ సమీక్ష రాయడానికి ఆ ఫోనే కారణం.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. హెక్-రాస్‌ను తయారుచేసేది అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగంలోని హైడ్రాలజిక్ ఇంజనీరింగ్ సెంటర్. పైసా కట్టక్కర్లేదు, లైసెన్స్ గొడవ లేదు, విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే చాలు. 2016లో వచ్చిన 5.0 వెర్షన్‌తో నీళ్ళు ఊళ్ళోకి, పొలాల్లోకి అన్ని దిక్కులకూ ఎలా పరుచుకుంటాయో లెక్కగట్టే టూ-డీ పద్ధతి వచ్చింది. నేను 2019లో 5.0.7తో మొదలుపెట్టాను, ఇప్పుడు 6లో ఉన్నాను. 6 వచ్చాక ఊరి మీద పడే వాన, నేల పీల్చుకునే నీరు కూడా అదే మోడల్‌లో కలపొచ్చు. విజయవాడకు ఇది చాలా అవసరం. ఆ ఆగస్టు 31న ఊళ్ళో కురిసిన వాన ఒక ఎత్తు, గండ్ల నుంచి వచ్చిన నీళ్ళు ఒక ఎత్తు. ఏ ఒక్కటి వదిలేసినా లెక్క తప్పుతుంది.

ఇక గండి. కాలువ కట్టను ఒక స్ట్రక్చర్‌గా గీసి, దాని మీద గండి పెట్టాలి. గండి ఎక్కడ, అడుగు వెడల్పు ఎంత, ఏ మట్టం దాకా కోసుకుపోతుంది, పక్క వాలు ఎంత, పూర్తిగా తెగడానికి ఎన్ని గంటలు, పైనుంచి పొర్లి తెగిందా, బుంగ పడి తెగిందా... ఇవన్నీ మనమే ఇవ్వాలి. ఇచ్చాక నీళ్ళు ఎటు పోతాయో అది చాలా నమ్మకంగా లెక్క కడుతుంది. ఏడేళ్ళలో ఈ విషయంలో నాకు దాని మీద నమ్మకం పెరిగిందే తప్ప తగ్గలేదు. కానీ గండి ఎక్కడ పడుతుందో అది చెప్పదు. చెప్పలేదు. కొత్తగా వాడేవాళ్ళు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

గండి కొలతలు తెలియకపోతే వేసుకోవడానికి లోపలే ఒక లెక్కల పెట్టె ఉంది. ఫ్రోలిక్, మెక్‌డొనాల్డ్, వాన్ థన్ లాంటివాళ్ళ సూత్రాలు అందులో ఉంటాయి. అయితే అవన్నీ ఆనకట్టలు తెగిన అనుభవాల నుంచి వచ్చినవి. వాటిలో చాలావాటికి జలాశయంలో నీరు ఎంత ఉందో చెప్పాలి. కాలువ కట్ట వెనక జలాశయం ఎక్కడిది? పైనుంచి నీళ్ళు వస్తూనే ఉంటాయి, గండి తెగుతూనే ఉంటుంది. కట్టకు అటూ ఇటూ మట్టాలు దగ్గరపడితే గానీ కోత ఆగదు. మొదటి రెండేళ్ళు నేను ఏదో ఒక అంకె వేసి ఆ సూత్రాలనే వాడాను. అవన్నీ పక్కన పడేశాను. ఇప్పుడు చేసేది వేరు: ఆ ప్రాంతంలో గతంలో పడ్డ గండ్ల వెడల్పులు తెలుసుకుని, చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు వేసి చూస్తాను. నీటి వేగాన్నిబట్టి మట్టి ఎంత కోసుకుపోతుందో మనం పట్టికలో ఇస్తే గండిని తనే పెంచుకుంటూ పోయే పద్ధతి కూడా ఒకటుంది. కట్టలకు అదే సరైనదని నా అభిప్రాయం. కాకపోతే ఆ పట్టిక నింపాలంటే కట్ట మట్టి గురించి తెలియాలి. ల్యాబ్ రిపోర్టు లేకుండా నింపితే అది కూడా ఊహే అవుతుంది.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను, ఇంకెవరూ చేయకూడదని. గండి మీదుగా నీరు దూకే లెక్కకు ఒక గుణకం ఇవ్వాలి. అమెరికా మాన్యువళ్ళలో, వీడియోల్లో 2.6 అని కనిపిస్తుంది. అది అడుగుల లెక్క. మీటర్లలో చేసే ప్రాజెక్టుకు అదే గుణకం దాదాపు 1.44 అవుతుంది. నేను మీటర్ల ప్రాజెక్టులో 2.6 వేశాను. గండి నుంచి రావలసిన నీటికి సుమారు 1.8 రెట్లు వచ్చింది. పటం చూడ్డానికి బాగానే ఉంది, ఎర్రర్ ఏమీ రాలేదు, రిపోర్టు కూడా ఇచ్చేశాను. మూడు నెలల తర్వాత వేరే పని మీద ఫైల్ తెరిచినప్పుడు కంటపడింది. వెంటనే ఫోన్ చేసి చెప్పి, పటాలన్నీ మార్చి ఇచ్చాను. మన దగ్గర డేటా అంతా క్యూసెక్కుల్లో, అడుగుల్లో వస్తుంది, మోడల్ ఏమో మీటర్లలో చేస్తాం. ఈ మార్పిడి దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది మాత్రం కట్ట కారడం. నిజం కట్ట కాదు, మోడల్‌లో కట్ట. ఉచితంగా దొరికే నేల మట్టాల డేటా, ఎస్‌ఆర్‌టీఎం అయినా కోపర్నికస్ అయినా, 30 మీటర్లకు ఒక అంకె ఇస్తుంది. కట్ట పైభాగం అయిదారు మీటర్లే. ఆ డేటాలో కట్ట కరిగిపోయి చిన్న గుట్టలా, కొన్నిచోట్ల అసలు లేనట్టే ఉంటుంది. సరే, సర్వే చేయించి కట్ట మట్టాలు ఎక్కించాం అనుకుందాం. అయినా కారుతుంది. నేలను గడులుగా విడగొట్టే వలను మెష్ అంటారు. ఆ టూ-డీ మెష్‌లో నేను 40 మీటర్ల గడులు పెట్టుకున్నాను. హెక్-రాస్ నేల ఎత్తుపల్లాలను గడి అంచుల వెంట చూస్తుంది, గడి లోపల మాత్రం నీటిమట్టం ఒక్కటే. కట్ట గడి మధ్యలోంచి పోయిందా, ఇవతల నీళ్ళుంటే అవతలా అదే మట్టంలో నీళ్ళు చూపిస్తుంది. కట్ట తెగకుండానే ఊళ్ళో నీళ్ళు!

మొదటిసారి అది చూసి గండి సెట్టింగుల్లో తప్పుందనుకుని రెండు రోజులు వాటిలోనే వెతికాను. చివరికి స్క్రీన్‌ను బాగా దగ్గరకు జూమ్ చేసి, మొదటి అరగంట నీటిని ఒక్కో అడుగు ముందుకు జరుపుతూ చూస్తే, కట్ట మలుపు తిరిగే చోట ఒకే ఒక్క గడిలోంచి నీలిరంగు అవతలికి జారుతోంది. ఒక్క గడి. కట్ట శిఖరం మీదుగా బ్రేక్‌లైన్ గీసి, గడులను దానికి ఆనేలా మళ్ళీ కట్టిస్తే ఆగింది. అప్పటినుంచి నాకో అలవాటు: గండి పెట్టకుండా ముందు ఒక రన్ చేస్తాను. కట్ట మీదుగా నీరు పొర్లనంత వరకూ ఊరు పొడిగా ఉండాలి. అలా ఉంటేనే గండి జోలికి పోతాను.

బుడమేరు దగ్గరికి వస్తాను. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్ళించిన నీటిని డైవర్షన్ కాలువ ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్ళి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. కొండపల్లి దగ్గర దాని ఎడమ గట్టుకు మూడు పెద్ద గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగాయి. సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. అంటే కాలువ కలిసే చోట నదే నిండుగా ఉంది, కాలువ నీరు ఎక్కడికి పోతుంది?

నీళ్ళు తీశాక నేను చేసిన మొదటి మోడల్‌లో కాలువ చివర 'నార్మల్ డెప్త్' అని పెట్టాను. చాలామంది అదే పెడతారు, సులువు కాబట్టి. దాని అర్థం చివర్లో నీరు అడ్డం లేకుండా పోతుందని. ఆ రన్‌లో అక్క వాళ్ళ వీధిలో మూడున్నర అడుగులు వచ్చింది. టేపు తీసుకుని వెళ్ళాను. వంటింటి గోడ మీద బురద గీత స్పష్టంగా ఉంది, స్విచ్‌బోర్డు పైన. నేల నుంచి 5 అడుగుల 2 అంగుళాలు. అక్క పక్కనే నిలబడి, "గీత మీద గుడ్డ పెట్టి తుడవబోయాను, నువ్వు కొలుస్తావని ఆగాను" అంది. ఆ వీధిలో, చుట్టుపక్కల వీధుల్లో కలిపి 31 ఇళ్ళ గోడలు కొలిచాను. కాలువ చివర కృష్ణ నీటిమట్టాన్ని గంటగంటకూ ఇచ్చి మళ్ళీ రన్ చేస్తే అంకెలు గోడల దగ్గరకు వచ్చాయి. దిగువన బుడమేరు ఏలూరు కాలువ కిందినుంచి దాటే ఎనికేపాడు యూటీని (అండర్ టన్నెల్) కూడా సరిగ్గా పెట్టాక, నీళ్ళు అన్ని రోజులు ఎందుకు నిలబడ్డాయో కూడా మోడల్‌లో కనబడింది.

గండి ఎప్పుడు తెగాలో చెప్పే చోట ఇంకో చిక్కుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. నీటిమట్టం ఫలానా చోటికి రాగానే తెగు అని పెట్టొచ్చు, లేదా ఫలానా గంటకు తెగు అని పెట్టొచ్చు. మట్టం పద్ధతిలో మూడు చోట్లా గండి పెట్టి రన్ చేస్తే ఎగువ గండి తెగగానే కాలువలో మట్టం పడిపోయి, మిగతా రెండూ తెగలేదు. ఒక గండి మిగతా కట్టను కాపాడింది. నిజంగా జరిగింది అది కాదు, మూడూ తెగాయి. కట్ట మట్టం వల్లే తెగదు, ఎంతసేపు నానింది అన్నది కూడా ముఖ్యం. ఆ మట్టం దాటి ఇన్ని గంటలు నిలిస్తే తెగు అని చెప్పే వీలు హెక్-రాస్‌లో ఉంది, నేను ఇప్పుడు దాన్నే వాడుతున్నాను. ఆర్మీ వాళ్ళు రాళ్ళు నింపిన గేబియన్ బుట్టలతో గండి పూడ్చినట్టు, తెగిన ఇన్ని గంటలకు పూడ్చడం మొదలు అని పెట్టే ట్యాబ్ కూడా ఉంది. పూడ్చడం ఒక రోజు ముందు మొదలైతే ఎన్ని వీధులు తేలేవో చూడటానికి అది పనికొచ్చింది.

గండి ఎక్కడ పెట్టాలన్నది నేను నేర్చుకున్నది సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు, కాలువ గట్ల మీద పనిచేసి రిటైరైన ఒక లస్కరు దగ్గర. ఆయన్ని వెంటబెట్టుకుని గట్టు మీద రెండు పూటలు నడిచాను. "బాబూ, ఊట తేటగా వస్తే పర్లేదు. ఎర్రగా, మట్టి కలిసి వస్తే లోపల తినేస్తున్నట్టు. ఆ చోటు రాసుకో," అన్నారు. పందికొక్కు బొరియలు, పాత గండి పూడ్చిన చోట్లు, తూము పక్కన మట్టి కుంగిన చోట్లు అన్నీ చూపించారు. బుంగ ఏ మట్టంలో మొదలవుతుందో మోడల్‌కు ఒక అంకె ఇవ్వాలి కదా, దానికి ఆయన చెప్పినదానికన్నా మంచి డేటా నాకు దొరకలేదు.

స్పీడ్ గురించి ఒక్క మాట. పూర్తి సమీకరణాలతో, గండి దగ్గర 10 మీటర్ల గడులతో పెడితే నా ల్యాప్‌టాప్ మీద ఒక రన్‌కు రాత్రంతా పడుతుంది. డిఫ్యూజన్ వేవ్ అనే సులువు చేసిన సమీకరణాలతో గంటన్నర. మొత్తం ముంపు చూడటానికి రెండోది చాలు, గండి ఎదురుగా ఉన్న ఇళ్ళ మీద నీటి వేగం కావాలంటే మొదటిదే చేయాలి. అక్కడ రాజీపడొద్దు.

పటం ఇచ్చేటప్పుడు మాత్రం అడిగేవాళ్ళతో ప్రతిసారీ గొడవే. "ఒక్క గీత గీసివ్వండి, ఇటు మునుగుతుంది, ఇటు మునగదు అని" అంటారు. పది చోట్ల గండి పెట్టి, ఒక్కోదానికి మూడు వెడల్పులు వేస్తే ముప్పై పటాలు వస్తాయి. వాటన్నిటిలో ఎక్కువ లోతు తీసి ఒకే పటం చేయొచ్చు, నేనూ చేస్తాను. కానీ ఆ పటంలో కనిపించే వరద ఏ రోజూ రాదు, అది ముప్పై వరదల కలగూర. దాన్నే చూపించి ఊరంతా ఒకేసారి మునుగుతుందంటే జనం నమ్మరు, నమ్మినా భయపడి ఏం చేయాలో తోచదు. అందుకే ఎన్ని రన్‌లలో ఆ వీధికి నీళ్ళొచ్చాయో చెప్పే పటం, నీళ్ళు చేరడానికి పట్టే సమయం చెప్పే పటం తప్పకుండా జతచేస్తాను. చేరే సమయాన్ని అందులో పటాలు గీసే భాగం, రాస్ మ్యాపర్, నేరుగా గీసిస్తుంది. హెక్-రాస్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

పోయిన వేసవిలో అక్క వాళ్ళింటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి ఆ పటం చూపించాను. గండి స్థలాన్ని బట్టి, వెడల్పును బట్టి వాళ్ళ వీధికి నీళ్ళొచ్చే సమయంలో రెట్టింపుకు పైగా తేడా ఉంది. అక్క కాసేపు చూసి, "అయితే తక్కువది ఏదో అది చెప్పు, నేను దాన్నే గుర్తుపెట్టుకుంటా" అంది. తక్కువదే చెప్పాను. ఫ్రిజ్ మీద కాగితం అంటించుకుంది.