అసోసియేట్ డిగ్రీ అయ్యాక రావాలా, ఉన్న క్రెడిట్లతో వచ్చేయాలా?

బే ఏరియా నుంచి డాలస్ వైపు ఇల్లు మారుస్తున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. పిల్లాడు అక్కడి కమ్యూనిటీ కాలేజీ డి ఆన్జాలో ఏడాది చదివాడు. ఇంకో ఏడాది అక్కడే ఉంచి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ పూర్తి చేయించాలా, లేక వెంట తెచ్చుకుని ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలైన కాలిన్ కాలేజీలోనో డాలస్ కాలేజీలోనో చేర్పించాలా?

పట్టా చేతికొచ్చాకే కదలమని చెప్పేవాళ్లే ఎక్కువ. కాలిఫోర్నియాలోనే ఉండిపోతే అది మంచి సలహాయే. ట్రాన్స్‌ఫర్ కోసం పెట్టిన అసోసియేట్ డిగ్రీ ఉంటే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ)లో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం. ఆ హామీ రాష్ట్రం దాటి రాదు. టెక్సాస్‌కూ సొంత ఏర్పాటుంది: ఇక్కడ 42 క్రెడిట్ గంటల కోర్ (అన్ని మేజర్లకూ ఉమ్మడిగా ఉండే కోర్సులు) పూర్తిచేస్తే రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలన్నీ దాన్ని మొత్తంగా ఒప్పుకోవాలి. పైగా ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీ డిగ్రీకి అమెరికా చరిత్ర 6 గంటలు, గవర్నమెంట్ 6 గంటలు చదవాలని చట్టమే ఉంది. అందులో టెక్సాస్ రాజ్యాంగం కూడా భాగం. కాలిఫోర్నియా పట్టా ఎంత పక్కాగా ఉన్నా మామూలుగా ఆ క్లాసు తప్పదు.

నా మటుకు అసలు లెక్క వేరే చోట ఉంది. క్రెడిట్లు తీసుకున్నామని కాలేజీ చెప్పగానే సంతోషపడిపోతాం గానీ, అవి మేజర్‌లో దేనికి జమయ్యాయో చూడాలి. డి ఆన్జాది క్వార్టర్ పద్ధతి. ఒక క్వార్టర్ యూనిట్ సెమిస్టర్ లెక్కలో మూడింట రెండు వంతులే, కాబట్టి 5 యూనిట్ల కోర్సు ఇక్కడికొచ్చేసరికి 3.33 అవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు కాల్క్యులస్. అక్కడ నాలుగు క్వార్టర్లుగా చెప్పేదాన్ని ఇక్కడ మూడు సెమిస్టర్లుగా చెబుతారు. రెండు క్వార్టర్లు చదివి వచ్చిన పిల్లాడికి కాల్క్ 1 అయిపోయింది, కాల్క్ 2 సగంలో ఉంది. కాల్క్ 2లో ఉండే అనంత శ్రేణులు అక్కడ మూడో క్వార్టర్‌లో గానీ రావు. సగం కోర్సుకు సమానమైన కోర్సంటూ ఉండదు కదా. కాలేజీ క్రెడిట్లు లెక్కగట్టి ఇచ్చే ఇవాల్యుయేషన్ కాగితంలో దాని పక్కన ‘ఎలెక్టివ్’ అని పడుతుంది, అంటే క్రెడిట్ ఉంటుంది గానీ మేజర్ కోర్సుకు జమ కాదు. కాల్క్ 2 మళ్లీ మొదటి నుంచి చదవాలి, అది అయ్యేదాకా చాలాచోట్ల ఫిజిక్స్ రెండో భాగం కూడా ఆగుతుంది. ఇంజినీరింగ్ పిల్లలకు ఒక ఏడాది జారిపోయేది ఇలాగే.

అందుకే పట్టా కోసం ఆగమని నేను చెప్పను. కాల్క్యులస్, ఫిజిక్స్ లాంటి వరస కోర్సులను ఒక కొలిక్కి తెచ్చి బయల్దేరమంటాను. స్ప్రింగ్ క్వార్టర్ జూన్ చివర్లో ముగుస్తుంది, టెక్సాస్‌లో ఫాల్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. ఇల్లు మారడానికి మధ్యలో రెండు నెలలు చిక్కుతాయి.

ఫీజు సంగతి చూసినా ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేరడమే నయం. తల్లిదండ్రులు టెక్సాస్‌లో స్థిరపడి 12 నెలలు కావాలి, అప్పటిదాకా బయటి రాష్ట్రం వాళ్లకుండే నాన్-రెసిడెంట్ ఫీజే. డి ఆన్జాలో యూనిట్‌కి 31 డాలర్లు కట్టినవాళ్లకు ఆ బిల్లు చూస్తే టెన్షన్ వస్తుంది, నిజమే. కానీ అదే ఏడాది యూనివర్సిటీలో కట్టేదానితో పోలిస్తే కమ్యూనిటీ కాలేజీ చాలా చవక. ఎలాగూ తప్పని గవర్నమెంట్, హిస్టరీ క్లాసులు ఆ ఏడాదిలోనే ముగించేసి, రెసిడెంట్ హోదాతో యూటీ డాలస్ లాంటి పబ్లిక్ యూనివర్సిటీకి వెళ్లొచ్చు.

నేరుగా యూనివర్సిటీకా? మేజర్ కోర్సులన్నీ అయిపోయి, ఫీజుకు వెనకాడనివాళ్లయితే సరే. టెక్సాస్‌లో ఉంటూ పాత కాలేజీలో ఆన్‌లైన్‌లో చదవడం ఒకటి రెండు క్లాసుల వరకైతే ఫరవాలేదు. ఆపైన అసలు మీరు ఏ రాష్ట్రం వాళ్లన్న ప్రశ్న వస్తుంది. పట్టా మీద మరీ మనసుంటే ఇక్కడి క్రెడిట్లు వెనక్కి పంపి తర్వాతైనా అడగొచ్చు, అక్కడ చదవాల్సిన కనీస యూనిట్లు అయి ఉంటే.

బయల్దేరే ముందు ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ దాచుకోండి. ఎలెక్టివ్ అని రాసినదాన్ని మార్చమని అడగాలంటే చేతిలో ఉండాల్సింది అదే. సి కంటే తక్కువ గ్రేడ్లను లెక్కలో వేసుకోకండి. హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లు కాలేజ్ బోర్డు నుంచి మళ్లీ పంపించుకోవాలి. పాత ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నాయి కదా అంటే చాలా కాలేజీలు వినవు.