ఆవిరి ట్రాక్షన్ ఇంజిన్ నమూనా: వెనుక డిఫరెన్షియల్‌లో 00 గ్రేడు గ్రీజు, దీర్ఘకాల వాడకం తరువాత

మూడంగుళాల స్కేలులో, అంటే అసలు బండికి నాలుగో వంతు కొలతలతో తయారైన నా ట్రాక్షన్ ఇంజిన్ (రోడ్డు మీద బరువులు లాగే ఆవిరి బండి) వెనుక డిఫరెన్షియల్‌కు (మలుపులో రెండు వెనుక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల కూర్పుకు) కొన్నేళ్లుగా 00 గ్రేడు గ్రీజునే, అంటే నిదానంగా జారిపోయేంత పలుచని గ్రీజునే వాడుతున్నాను. అంతకు ముందు అవే గేర్లను కొంతకాలం సిలిండర్ ఆయిల్‌తోనూ (ఆవిరి సిలిండర్‌లో వేసే చిక్కటి ఆయిల్), కొంతకాలం మామూలు బేరింగ్ గ్రీజుతోనూ నడిపాను కనుక మూడింటినీ పక్కపక్కన పెట్టి చెప్పగలను. పైన రేకు మూత తప్ప వేరే రక్షణ లేని బెవెల్ గేరు (శంకువు ఆకారపు గేరు) డిఫరెన్షియల్‌కు ఈ మూడింటిలో 00 గ్రేడే మేలు. ఆ మేలు గేరు పళ్ల దగ్గర కన్నా, పినియన్లు అనే చిన్న గేర్లు తిరిగే పిన్నుల దగ్గర బాగా తెలుస్తుంది.

బండి తిన్నగా పోతున్నంతసేపు పెద్ద గేరు చక్రం, అందులో అమర్చిన పినియన్లు, ఇరుపక్కల బెవెల్ గేర్లు అన్నీ కలిసికట్టుగా ఒకే వేగంతో తిరుగుతాయి. పినియన్ తన పిన్ను మీద కదలనే కదలదు. మలుపులో మాత్రమే, అదీ చాలా నిదానంగా, లాగుడు భారమంతా మోస్తూ తిరుగుతుంది. అంత తక్కువ వేగంలో పిన్నుకూ బుష్‌కూ (పినియన్ రంధ్రంలో తొడిగిన గొట్టానికీ) మధ్య ఆయిల్ పొర దానంతట అది ఏర్పడదు కాబట్టి, లోహాన్ని అంటిపెట్టుకుని ఉండే గుణమూ, ఒత్తిడిని తట్టుకునే రసాయనాలూ ఆ లోటు తీర్చాలి. నమూనాలో ఇంకో చిక్కు ఉంది. కొలతలు నాలుగో వంతైతే బండి బరువు అరవై నాలుగో వంతుకు దిగుతుంది గాని, వెనుక ట్రాలీలో కూర్చునే మనుషుల బరువు తగ్గదు. యాష్‌పాన్ (పొయ్యి కింది బూడిద తొట్టి) నుంచి రాలే బూడిద రేణువు కూడా చిన్నదైపోదు. పెద్ద బండి గేర్లు లెక్కచేయని రేణువు ఇక్కడ పళ్ల మధ్య సందుకే సరిపోయేంత ఉంటుంది.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అంటారు గాని, డిఫరెన్షియల్ విషయంలో ఆ సంగీతం కూడా వినిపించదు. క్రాంకు నుంచి దిగే స్పర్ గేర్ల గలగలలో దాని అరుగుదల చప్పుడు కలిసిపోతుంది. కనుక చెవిని నమ్ముకోవడం కుదరదు, విప్పి చూడవలసిందే.

సిలిండర్ ఆయిల్‌ను చాలామంది దీనికీ వాడతారు, ఎందుకంటే ఆవిరి బండి నడిపేవారి చేతిలో అది ఎప్పుడూ ఉంటుంది. ఐఎస్ఓ 460 రకమైతే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనం సుమారు 460 సెంటీస్టోక్‌లు. కొవ్వు కలిపిన రకం తడి లోహానికి కూడా చక్కగా అంటుకుంటుంది. అయితే బాయిలర్‌లో 100 పీఎస్ఐ ఒత్తిడి ఉన్నప్పుడు లోపలి నీరు దాదాపు 170 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఆ వేడిలో కొంత హార్న్‌ప్లేట్ల (బాయిలర్ పొయ్యి పక్కల నుంచి సాగి ఇరుసును మోసే రేకుల) గుండా ఇరుసుకు చేరుతుంది, ఆయిల్ పలచబడుతుంది. పళ్ల మీద పొర మిగిలినా, పిన్నుల్లోది కారి చక్రపు అంచుకు చేరుతుంది. బండి నడిపే ప్రతిసారీ తప్పకుండా ఆయిల్ పోసే అలవాటున్నవారికి ఇది పనికిరానిదేమీ కాదు.

బేరింగ్ గ్రీజు, అంటే గ్రీజు గట్టిదనాన్ని చెప్పే ఎన్ఎల్‌జీఐ కొలమానంలో 2 గ్రేడు, దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది కారదు, కదలదు కూడా. గేరు పళ్లు మొదటి చుట్లలోనే దానిలో దారి చేసుకుంటాయి. పక్కకు నెట్టిన గ్రీజు రెండు వైపులా గోడ కట్టినట్టు నిలిచిపోతుంది, మళ్లీ పళ్ల మీదకు రాదు. మూత తీసి చూసేవారికి లోపల గ్రీజు నిండుగా ఉన్నట్టే ఉంటుంది. నా బండిలో పినియన్లను బయటికి తీసినప్పుడు బుష్ లోపల గ్రీజు జాడ లేదు. పిన్ను మీద భారం పడే వైపు గోధుమరంగు పొడి పేరుకుని, వేలితో తుడిస్తే సన్నని గీతలు కనిపించాయి. పైగా ఆ గోడల్లో బూడిద చిక్కుకుని గ్రీజు కాస్తా అరగదీసే ముద్దగా మారింది.

ఈ రెండింటికీ మధ్యది 00 గ్రేడు. 25 డిగ్రీల దగ్గర శంకువు దిగే లోతును మిల్లీమీటరులో పదో వంతుల్లో లెక్కించే పరీక్షలో 2 గ్రేడుకు 265 నుంచి 295 వస్తే, దీనికి 400 నుంచి 430 వస్తుంది. డబ్బాలో చెంచా ముంచి పైకెత్తితే నిదానంగా జారిపోతుంది, కానీ ఆయిల్‌లా ధార కట్టదు. పళ్లు పక్కకు నెట్టినది మళ్లీ వెనక్కి వచ్చి చేరుతుంది, పిన్ను సందులోకి కూడా ఇంకుతుంది. నేను వాడుతున్నది కాల్షియం సల్ఫొనేట్ ఆధారమైన రకం. నీరు తగిలినా త్వరగా కొట్టుకుపోదు. బండిలో కంచు బుష్‌లు ఉంటే, రాగి పట్టీ తుప్పు పరీక్షలో 1 శ్రేణి (రాగి దాదాపు రంగు మారనిది) వచ్చినట్టు డేటా షీటులో ఉన్న సరుకునే ఎంచుకోవాలి. జీఎల్-5 (ఎక్కువ ఒత్తిడి పడే గేర్లకు చేసిన రకం) గేరు ఆయిళ్లలోని గంధక రసాయనాలు వేడి తగిలిన కంచును తినే అవకాశం ఉన్నందున నేను వాటి జోలికి పోలేదు.

పాత గ్రీజు మీద కొత్తది వేయకూడదు. వేర్వేరు సబ్బు ఆధారాలున్న (ఆయిల్‌ను చిక్కబరిచే పదార్థం వేరైన) గ్రీజులు కలిస్తే ఒక్కోసారి నీళ్లయిపోతాయి, ఒక్కోసారి గట్టిపడతాయి. కిరోసిన్‌తో బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే మొదలుపెట్టాలి. గ్రీజు వేయడానికి సూది లేని పెద్ద సిరంజి చాలు. వెనుక చక్రాలు రెండూ నేలకు తగలకుండా బండిని ఎత్తి, డ్రైవింగ్ పిన్నులు (డిఫరెన్షియల్ తిప్పుడును చక్రానికి అందించే పిన్నులు) వాటి స్థానంలోనే ఉంచి, ఇంజిన్‌ను గేరులో వదిలేస్తే పెద్ద గేరు చక్రం కదలకుండా నిలుస్తుంది. అప్పుడు ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది. పినియన్లు నిజంగా తమ పిన్నుల మీద తిరిగేది అప్పుడే. ఒక్కో పినియన్ తలకు, పిన్ను మొదట్లో కొద్దికొద్దిగా గ్రీజు పెడుతూ చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే కాసేపటికి పినియన్ అవతలి అంచున సన్నని తడి ఉంగరం కనిపిస్తుంది. అది కనిపించేదాకా ఆపకూడదు. డ్రైవింగ్ పిన్ను తీస్తే చక్రం ఇరుసు మీద ఊరకే తిరుగుతుంది, డిఫరెన్షియల్ కదలదు; హబ్‌కు ఆయిల్ పోయడానికి అది వేరే పని.

లోపాలు లేకపోలేదు. ఎండలో ఎక్కువసేపు నడిపిన రోజున మూత కింది అంచు నుంచి కొంత కారుతుంది, చక్రపు రంగు మీద మరకలు పడతాయి. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఆయిల్ విడిపోయి అడుగున చేరుతుంది, నడిపే ముందు చక్రాలు తిప్పి మళ్లీ కలపాలి. బూడిదను పట్టుకునే గుణం ఇందులోనూ ఉంది. కాకపోతే అది ఒకచోట గడ్డకట్టదు కనుక తుడిచి మార్చడం తేలిక. రంగు పాలలా తెల్లబడితే నీరు కలిసిందని, నల్లబడి వేళ్ల మధ్య గరుకుగా తగిలితే బూడిద చేరిందని అర్థం. రెండు సందర్భాల్లోనూ పైన కొత్తది జోడించక, మొత్తం కడిగి మళ్లీ వేయడమే మంచిది.

పినియన్ల పిన్నులను కొత్తవి వేసి 00 గ్రేడుతో మొదలుపెట్టిన తరువాత ఇటీవల మళ్లీ విప్పి చూశాను. పిన్నుల మీద మెరుపు సమంగా ఉంది, గోధుమరంగు పొడి లేదు, పినియన్‌ను పట్టి ఊపితే లూజు పెరిగినట్టు తోచలేదు. పళ్ల మీద మాత్రం సిలిండర్ ఆయిల్ రోజులకూ ఇప్పటికీ పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి పళ్లను చూసి కందెన మంచిచెడ్డలు తేల్చేవారికి ఈ మార్పు వృథా అనిపించవచ్చు. పూర్తిగా మూసిన పెట్టెలో, సీళ్లతో ఉండే డిఫరెన్షియల్ అయితే ఈ గ్రీజు అవసరం లేదు. అక్కడ కంచుకు హాని చేయని జీఎల్-4 రకం 80డబ్ల్యూ-90 గేరు ఆయిల్ ఇంతకంటే సుఖం.